క్లాట్‌లో ప్యాసేజ్‌లు పూర్తికాకపోతే

దేవరకొండ తమ్ముడూ, జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్‌లో ప్రతి ప్యాసేజ్ రెండుసార్లు చదువుతున్నాననీ, చివర్లో ప్రశ్నలు మిగిలిపోతున్నాయనీ రాశావు. క్లాట్‌లో 120 నిమిషాలకు 120 ప్రశ్నలు. రెండోసారి మొత్తం చదివే తీరిక ఎక్కడిది? ముందు ప్రశ్నల మీద ఒక చూపు వెయ్యి, ఆప్షన్ల జోలికి పోకు. ఆపైన ప్యాసేజ్‌ను ఒక్కసారే నిదానంగా చదువుతూ ‘బట్’, ‘అన్‌లెస్’, ‘ఎక్సెప్ట్’ కనిపించిన చోట గీత గీయి. ప్రశ్న తయారుచేసేవాళ్లు మాటువేసేది అక్కడే.

ప్యాసేజ్‌లో ఇచ్చిన నియమాన్ని ఒక సందర్భానికి వర్తింపజేసే లీగల్ రీజనింగ్ విభాగంలో మనకు తెలిసిన చట్టమే మనల్ని ముంచుతుంది. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని నీకు తెలుసు. కానీ ‘చదువు కోసమైతే చెల్లుతుంది’ అని ప్యాసేజ్‌లో ఉందనుకో, పదిహేడేళ్ల కుర్రాడు కోచింగ్ ఫీజుకు రాసిచ్చిన కాగితం చెల్లినట్టే. అప్పుడే లాయరువై వాదించకు, బబుల్ నింపి ముందుకు వెళ్లు.

రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడితే ‘ఆల్వేస్’, ‘ఓన్లీ’ ఉన్నదాన్ని ముందు అనుమానించు. తప్పుకు 0.25 మార్కు పోతుంది కాబట్టి గుడ్డిగా పెట్టకు. తెలుగు మీడియం అని దిగులెందుకు? రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం గడియారం ముందు పెట్టుకొని చదువు. వార్తలు కాదు, సంపాదకీయమే.

తెలుగు రాష్ట్రాల లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ కూడా రాస్తానన్నావు. అందులో నెగెటివ్ మార్కులు లేవు, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకు.