కోరల్స్ అతికించబోయే చిన్నాకు మామయ్య రాసిన ఉత్తరం

చి. చిన్నాకు ఆశీస్సులు.

నీ ఉప్పునీటి చేపల ట్యాంక్ కోసం టార్చ్ కోరల్ అనే పగడపు జీవిని, చిన్న పూలలా గుంపుగా పెరిగే జోయాలను కొన్నానని, శనివారం ట్యాంక్‌లోని రాళ్లకు అతికిస్తానని రాశావు. జిగురు వల్ల చేపలు చచ్చిపోతాయేమోనని టెన్షన్ పడుతున్నావు. సరైన జిగురైతే గట్టిపడ్డాక చేపలకేమీ కాదు. నా బెంగంతా నీ కళ్లు, చేతుల గురించి, అంతకంటే ఎక్కువగా ఆ జోయాల గురించి.

సూపర్ గ్లూలో జెల్ రకమే కొను. ట్యూబు మీద సయనోఅక్రిలేట్ అని ఉండాలి. పల్చటి రకం వేళ్ల సందుల్లోకి కారిపోతుంది. ఈ జిగురు తేమ తగిలితే గట్టిపడుతుంది. అందుకే నీళ్లలోనూ పనిచేస్తుంది, అందుకే చర్మానికీ కంటికీ క్షణాల్లో పట్టేస్తుంది. నైట్రైల్ గ్లవ్స్, సేఫ్టీ గాగుల్స్ పెట్టుకో, కిటికీ తెరిచి ఉంచు. నూలు గ్లవ్స్ మాత్రం వద్దు. నూలుకు ఇది తగిలితే వేడి పుట్టి చర్మం కాలుతుంది. ఒలికిందని పాత నూలు బట్టతో తుడిచినా అంతే.

వేళ్లు అంటుకుంటే లాగకు. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయి. కంట్లో పడితే రెప్పలు బలవంతంగా తెరవొద్దు, గోరువెచ్చని నీళ్లతో కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లు.

ఇక జోయాలు. ఇక్కడ కాస్త నిదానంగా చదువు. వీటిలో కొన్నిటికి, ముఖ్యంగా పాలిథోవా రకాలకు, పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. హవాయిలోని మావి దీవిలో వెనకటివాళ్లు దాన్ని ఈటె మొనలకు పూసేవారని చెబుతారు. 1971లో శాస్త్రవేత్తలు ఆ విషాన్ని వేరుచేసి చూపించారు. రంగు చూసి దేనిలో విషం ఉందో షాపువాడు కూడా చెప్పలేడు, కాబట్టి అన్నిటిలోనూ ఉందనే అనుకో. చేతికి గాయం ఉంటే ఆ రోజు ముట్టుకోకు. అవి అంటుకుని వచ్చే చిన్న దిమ్మను ప్లగ్ అంటారు. ఆ ప్లగ్ నుంచి వాటిని గీకకు, కోయకు, ప్లగ్‌తో సహా అతికించెయ్. అవి పట్టిన రాయి మీద వేడినీళ్లు పోయడం, దాన్ని మరిగించడం ఎన్నడూ చేయకు. ఆవిరితో విషం గాల్లోకి లేచి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఘటనలు నిజంగా జరిగాయి. పని తర్వాత నోట్లో లోహం రుచి, జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే జలుబనుకుని పడుకోకు. ఎమర్జెన్సీకి వెళ్లి పాలిటాక్సిన్ అనే మాట నువ్వే చెప్పు, చాలామంది డాక్టర్లకు అది తట్టదు. అమెరికా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 ఫ్రిజ్ మీద రాసి పెట్టు.

పనిలోకి దిగేముందు నీళ్లను అలల్లా కదిలించే వేవ్‌మేకర్, పంపులు ఆపు. మళ్లీ ఆన్ చేయడానికి ఫోన్‌లో అలారం పెట్టుకో, మర్చిపోతే చేపలకు ఆక్సిజన్ అందదు. చోటు ముందే చూసుకో. టార్చ్ మీసాల్లాంటి తన పొడవాటి టెంటకిల్స్‌తో పక్కవాటిని కుడుతుంది, చుట్టూ జానెడు జాగా వదలాలి. రాతి మీది నాచు టూత్‌బ్రష్‌తో రుద్దెయ్. ప్లగ్ అడుగును టిష్యూతో తుడిచి, శనగగింజంత జెల్ పెట్టి నీళ్లలోకి దించు. దించుతుండగానే జెల్ మీద తెల్లటి పొర కడుతుంది. ఆ పొర చిట్లేలా రాయికి నొక్కి, కొంచెం తిప్పి, అరనిమిషం కదలకుండా పట్టుకో. జిగురు కోరల్ కండకు తగలకూడదు, అడుగునున్న గట్టి భాగానికే పట్టాలి.

టార్చ్ బరువుగా ఉంటే రెండు రంగుల ముద్దలు కలిపి పిసికితే గట్టిపడే ఎపాక్సీ పుట్టీ కూడా కావాలి. పుట్టీ ఒక్కటే రాయిని సరిగా పట్టదు, పుట్టీకి రెండు వైపులా జెల్ పూయి. రెండు రంగులూ కలిసి ఒకటయ్యేదాకా పిసకాలి. నీ ట్యాంక్ చిన్నది కాబట్టి ఒకేరోజు ఎక్కువ పుట్టీ వాడకు, నీళ్లలోని మురికిని నురగగా తీసే స్కిమ్మర్ పొంగి దాని కప్పు నిండిపోతుంది.

అయిపోయాక గ్లవ్స్ తిరగేసి తీసి పారేసి, చేతులు మోచేతుల దాకా కడుక్కో. ట్యూబు పాపకు అందని చోట పెట్టు. టార్చ్ రెండు మూడు రోజులు ముడుచుకుని ఉంటే కంగారుపడి కదిలించకు. వారం దాటినా విచ్చుకోకపోతే ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య