‘ఆ పిల్లల వెంట తిరిగితే మా వాడికి ఏం వస్తుంది?’

ప్రశ్న: మాది అనంతపురం పాతఊరు. నేను కుట్టుపని చేస్తాను, మా ఆయన ఆటో నడుపుతారు. అబ్బాయి బీకాం చివరి సంవత్సరం. రోజూ సాయంత్రం స్కూలు గ్రౌండులో పాతికమంది వాడ పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాడు. వాళ్ల చదువులు, ఇళ్లలో గొడవలు కూడా వీడికే కావాలి. హోంవర్క్ చేయనివాడికి ఆ రోజు బంతి ఇవ్వడు. అందరితో తగవు పడే ఒక పిల్లాడికి విజిల్ ఇచ్చి రిఫరీని చేశాడు, వాడిప్పుడు మా గుమ్మం వదలడు. బ్యాంకు పరీక్షలకు చదవమంటే ‘ఇదే నా పని’ అంటాడు. ఆట కూడు పెడుతుందా? మాన్పించమంటారా?

జవాబు: అమ్మా, మాన్పించవద్దు. అలాగని ఇలాగే సాగనివ్వమని కూడా అనను.

మీరు విసుగుతో రాసిన ఆ విజిల్ సంగతి నేను రెండుసార్లు చదివాను. తగవులమారికి తీర్పరి పని అప్పగించాలని ఇరవై ఏళ్ల కుర్రవాడికి తోచడం చిన్న విషయం కాదు. అసలు ఈ ఆట పుట్టిందే అలాంటి పిల్లల కోసం. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఎవరి మాటా వినని 18 మంది విద్యార్థుల తరగతిని జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారికి అంటగట్టి, చలికాలంలో లోపల ఆడుకునే ఆట ఒకటి రెండు వారాల్లో తయారు చేయమన్నారు. ఆయన రెండు పండ్ల బుట్టలు పైన కొట్టించి, 13 నియమాలు రాసి పెట్టారు. బంతితో పరుగెత్తకూడదు, ఎదుటివాణ్ని నెట్టకూడదు, పట్టుకోకూడదు. దుడుకు పిల్లలు చేసే పనులన్నీ ఏరి మరీ నిషేధించినట్టు ఉంటుంది ఆ జాబితా. 1986లో మేరీల్యాండ్ రాష్ట్రంలోని గ్లెనార్డెన్‌లో వీధుల్లో చెడిపోతున్న యువకుల కోసం రాత్రి పది తర్వాత ఇదే ఆట పెట్టారు. ఆటతో పాటు బతుకుతెరువు పాఠాలు కూడా ఉండేవి. అంత దూరం ఎందుకు, మీ ఊళ్లోనే ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అనే స్వచ్ఛంద సంస్థ క్రీడాగ్రామంలో 2010లో టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ ఫౌండేషన్ మొదలుపెట్టిన టెన్నిస్ బడిలో ఆటతో పాటు ఇంగ్లీషు, కంప్యూటర్ నేర్పుతారు. అబ్బాయిని ఒకసారి వెళ్లి, పిల్లలతో పని చేసేవాళ్లను కలిసి రమ్మనండి. వాళ్లు ఏ చదువు చదివి అక్కడికి వచ్చారో అడిగి తెలుసుకోవాలి.

ఎందుకంటే అతనిలో రెండు ఇష్టాలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీస్తే తప్ప దారి కనబడదు. భోజనాల దగ్గర తీరిగ్గా ఒక మాట అడగండి: ‘రేపటి నుంచి బంతి ఉండి ఈ పిల్లలు లేకపోతే నీకు బాగుంటుందా, పిల్లలు ఉండి బంతి లేకపోతే బాగుంటుందా?’ వెంటనే జవాబు రాకపోతే తొందరపెట్టవద్దు, వారం తీసుకోనివ్వండి.

జవాబు బంతి అయితే, డిగ్రీ కాగానే వ్యాయామ విద్య కోర్సుల ప్రవేశ పరీక్ష ఏపీ పీఈసెట్ రాయాలి. పరుగు, గుండు విసరడం లాంటి దేహదార్ఢ్య పరీక్షలు, ఎంచుకున్న ఆటలో నైపుణ్య పరీక్ష ఉంటాయి. వ్యాయామ ఉపాధ్యాయుల డిగ్రీ బీపీఈడీ రెండేళ్లు. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఏడాది కోచింగ్ డిప్లొమా ఉంది కానీ, దానికి పోటీల్లో ఆడిన అనుభవం అడుగుతారు. వాడలో నేర్పిన అనుభవం అక్కడ లెక్కకు రాదు. ప్రభుత్వ బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలంటే ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ కోసం కాచుకోవాలి. 2018 డీఎస్సీ తర్వాత మరో డీఎస్సీ నియామకాలు పూర్తయ్యేసరికి 2025 వచ్చింది. ఈ మధ్యలో ప్రైవేటు బడి జీతంతో ఇల్లు నడపడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు.

జవాబు పిల్లలు అయితే ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సమాజ సేవలో పీజీ. అదీ రెండేళ్లే, బీకాం అడ్డు కాదు. అందులో క్షేత్రస్థాయి పని తప్పనిసరి. మీ అబ్బాయి దాన్ని పుస్తకం తెరవకముందే మొదలుపెట్టాడు. బాలల సంరక్షణ విభాగాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలుంటాయి. చాలావరకు కాంట్రాక్టువి, జీతం ఆలస్యమవుతుంది కూడా. మీ ఉత్తరాన్ని బట్టి అతనిది ఈ దారే అని నా అనుమానం. రింగు ఎత్తు గురించి మాట్లాడే కుర్రవాళ్లను చాలామందిని చూశాను, పిల్లాడి ఇంటి గొడవ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

బ్యాంకు పరీక్ష మాటకొస్తే, రాయమనే చెబుతాను. ఇంటికి ఆసరా అయ్యాక చేసే సేవ నిలుస్తుంది. అనంతపురం ఎండలో ఐదున్నర దాకా ఆ సిమెంటు కోర్టు మీద ఎలాగూ కాలు పెట్టలేరు కాబట్టి పగలు ఉద్యోగానికి ఆట అడ్డు రాదు. బ్యాంకువాళ్లు ఐదింటికల్లా ఇల్లు చేరతారని మాత్రం అతనికి చెప్పకండి, నమ్మడు.

ఒక విషయంలో అతనిది పొరపాటు. హోంవర్క్ చేయనివాడికి బంతి ఇవ్వకపోతే, ఎవరికి ఆ గ్రౌండు అందరికంటే ఎక్కువ అవసరమో వాడే ముందు మానేస్తాడు. ఆటకు అరగంట ముందు అందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి అక్కడే రాయించమనండి. తెలియనివాడికి పక్కవాడు చెబుతాడు. పన్నెండేళ్ల లోపు వాళ్లకు పెద్దల ఏడో నంబరు బంతి ఇస్తున్నాడేమో కూడా చూడమనండి. వాళ్లకు ఐదో నంబరు సరిపోతుంది. అరచేయి చాలని బంతితో ఆట నేర్చుకునే పిల్లాడికి వచ్చేది చేయి నొప్పే.

మరొకటి, ఇది గట్టిగా చెబుతున్నాను. ప్రతి పిల్లాడి తల్లో తండ్రో సంతకం చేసిన కాగితం అతని దగ్గర ఉండాలి. ఏ పిల్లాడితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోకూడదు, ఎంత మంచి ఉద్దేశమైనా సరే. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ దాచడం నేరం. మంచివాడు కాబట్టే ఇవేవీ అవసరం లేదనుకుంటాడు.

ఇవాళే ఒక లాంగ్ నోటుబుక్కు కొనివ్వండి. తేదీ, ఎంతమంది వచ్చారు, ఎవరు మానేశారు, ఎందుకు, మానేసినవాణ్ని తిరిగి ఎలా తెచ్చాడు, ఇంతే రాయాలి. ఆరు నెలల పుస్తకం ఇంటర్వ్యూలో బల్ల మీద పెడితే పది సర్టిఫికెట్ల పని చేస్తుంది.

మీరు ఇంతవరకు ఆ గ్రౌండుకు వెళ్లినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. వచ్చే ఆదివారం మిషను కట్టేసి వెళ్లి, ఆ విజిల్ పిల్లాడు ఫౌల్ చెప్పినప్పుడు మిగతావాళ్లు వింటున్నారో లేదో చూసి, నాకు మళ్లీ రాయండి.