రెండోసారి చదివిన అధ్యాయం

గుంటూరు,
డిసెంబరు నెలాఖరు

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. ‘ఈ ఏడాది నా పఠనం’ అని పేరు పెట్టి పన్నెండు పేజీలు టైపు చేసి పంపావు. అక్షరదోషాలు దాదాపు లేవు, అందుకు సంతోషం.

మూడో పేజీకి వచ్చేసరికి నాకు కోపం వచ్చింది. జనవరి నుంచి డిసెంబరు దాకా 58 పుస్తకాలు చదివానని రాశావు. ఒక్కో పుస్తకానికి నాలుగైదు వాక్యాలు, చివర అయిదింటికి ఇన్ని అని నక్షత్రాలు. ఏ నెలలో ఎన్ని చదివావో చూపించే పట్టిక కూడా జతచేశావు. జూన్‌లో లెక్క తగ్గిందని బాధపడ్డావు. జూలైలో సన్నటి కథల పుస్తకాలు తీసుకుని ఆ లోటు పూడ్చుకున్నానని రాశావు. అమ్మాయీ, సన్నగా ఉందని పుస్తకాన్ని ఎంచుకున్నావా? ఆ కథలు రాసినవాడు ఒక్కో కథకు ఎన్ని నెలలు కూర్చున్నాడో ఏమైనా తట్టిందా? పెట్టుకున్న సంఖ్య అందుకోవడానికి చదివితే అది కూలికి చదివినట్టే అవుతుంది, పైగా ఆ కూలి ఇచ్చేవాళ్లు కూడా ఎవరూ లేరు.

చదవడం ఆపేసి పక్కన పెట్టేద్దామనుకున్నాను. అంతలో నాలుగో పేజీ కనిపించింది.

అక్కడ ‘మాలపల్లి’ గురించి రాశావు. నవల పెద్దదన్నావు. కొన్నిచోట్ల సాగదీసినట్టుందన్నావు. శుక్లాల ఆపరేషన్ చేయించుకుని మీ ఇంట్లో ఉన్న అమ్మమ్మకు ఆ పుస్తకం పైకి చదివి వినిపించానన్నావు. ఆవిడ మధ్యలో నిద్రపోయినందువల్ల ఒక అధ్యాయం మర్నాడు మళ్లీ చదవాల్సి వచ్చిందట. ఆ రెండోసారి, కూలి గొడవ వచ్చినచోట ఆవిడ నిన్ను ఆపి, “కుంచం అంచుకు సమంగా కొలిచేవాళ్లా, పైన పోగు పోసి కొలిచేవాళ్లా?” అని అడిగారట. ఆ మాట రాసి, మూడు నక్షత్రాలు పెట్టి, వెంటనే ఏదో అనువాద నవలలోకి వెళ్లిపోయావు.

ఆవిడకు ఏం జవాబు చెప్పావు? పుస్తకం వెనక్కి తిప్పి చూశావా? ఆవిడ ఆ ప్రశ్న ఎందుకు అడిగారో కనుక్కున్నావా? నీ పన్నెండు పేజీల్లో నేను తెలుసుకోవాలనుకున్నది అదొక్కటే, అదే లేదు.

పొలం పనికి వెళ్లి, సాయంత్రం కొంగు పట్టి కూలి గింజలు పోయించుకున్న మనిషి అడిగే ప్రశ్న అది. అంచు దాటి పోసిన ఆ పోగే ఇంట్లో ఒకరికి ఒక పూట గంజి. ధాన్యం ధర పెరిగిన రోజుల్లో కూలి డబ్బుగా ఇస్తే ఆసామికి లాభం, గింజలుగా ఇస్తే కూలివాడికి అన్నం. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని రాసిన నవల ఈ గొడవ చుట్టూ ఎంత దూరం తిరుగుతుందో నీకు తెలుసు, చదివావు కదా. 1922లో వచ్చిన ఆ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ప్రభుత్వానికి భయం పుట్టించిన పుస్తకానికి నువ్వు మూడు నక్షత్రాలు ఇచ్చావు. మీ అమ్మమ్మ ఒక్క ప్రశ్నతో ఆ పుస్తకం లోపలికి వెళ్లి కూర్చున్నారు.

నేను ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నది, చాలామంది విసుక్కున్నది, నీకూ చెబుతాను. రెండోసారి చదవని పుస్తకాన్ని చదివినట్టు లెక్కవేయకు. ఆయుష్షు చిన్నది, పుస్తకాలు కోకొల్లలు అంటారు. కాలక్షేపానికి చదివేవాళ్లకు ఆ మాట చెల్లుతుంది. రాయాలనుకునేవాళ్లకు చెల్లదు. మొదటిసారి చదివేటప్పుడు మనల్ని కథ లాక్కుపోతుంది. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రంలో వాక్యం కనబడదు. ఆ నవలలో ఆసామి చౌదరయ్య చేతి దెబ్బకు మాలపల్లి కుర్రవాడు సంగదాసు చనిపోతాడని తెలిశాక మళ్లీ మొదటికి వచ్చి చూడు. ఆ కుర్రవాడు నవ్వుతూ మాట్లాడే ప్రతి పేజీ బరువెక్కుతుంది. చౌదరయ్యలో ఆ కోపాన్ని రచయిత ఎక్కడ నాటాడో, ఎంత ముందు నుంచి నీళ్లు పోస్తూ వచ్చాడో అప్పుడు తెలుస్తుంది. నువ్వు సాగదీశాడన్న చోట్లే అవి.

ఈ సంగతి నాకు పాఠం చెప్పి నేర్పినవాళ్లు లేరు. బి.ఏ. అయ్యాక ఏ ఉద్యోగమూ దొరక్క, బెజవాడలో ఏలూరు రోడ్డు వెనక సందులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి చేరాను. గుంటూరు నుంచి పొద్దున పాసింజరు బండిలో వెళ్లి, రాత్రి బండిలో తిరిగి వచ్చేదాన్ని. అప్పటికింకా చేతి కంపోజింగే. కంపోజిటరు అక్షరం అక్షరం ఏరి పేర్చి, గ్యాలీకి, అంటే పేర్చిన అక్షరాల దిమ్మకు, పురికొస చుట్టి, సిరా రోలరు తిప్పి, తడి కాగితం మీద ప్రూఫు తీసి నా బల్ల మీద పడేసేవాడు. తెలుగుకు ఒత్తులు వేరే, గుడులు వేరే. ఒక ఒత్తు జారితే వరస మొత్తం వంకర పోయేది. మొదటి ప్రూఫు, రెండో ప్రూఫు, పేజీ ప్రూఫు, ఇలా ఒకే కథ మూడుసార్లు నా కళ్ల ముందుకు వచ్చేది.

మొదటి ప్రూఫులో తప్పులు నాకు దొరికేవి కావు, కథ బాగున్నకొద్దీ ఇంకా దొరికేవి కావు. అందుకని పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టారు. రాతప్రతి వాడు పైకి చదవాలి, నేను ప్రూఫు చూస్తూ దిద్దాలి. వాడు ఏడో తరగతి దాకా చదివాడు. ఎవరి కథైనా ఒకే గొంతుతో, ఎత్తు తగ్గు లేకుండా చదివేవాడు. “వెళ్లింది ఫుల్‌స్టాప్ కానీ కామా” అని గుర్తులు కూడా పైకి పలికేవాడు. ఆ చప్పిడి గొంతులో పేరున్న రచయితల వాక్యాలు ఎన్ని కూలిపోయాయో నేను విన్నాను. సభల్లో చప్పట్లు కొట్టించుకున్న వర్ణన వాడి నోట పడగానే ఊపిరాడక మధ్యలో తెగిపోయేది. వాడు ఆగి, గుక్క తిప్పుకుని, మళ్లీ మొదలుపెట్టేవాడు. వాడు ఆగినచోట నేను పెన్సిలుతో చిన్న గీత పెట్టుకునేదాన్ని, తప్పు అచ్చుదా రచయితదా అని చూసుకోవడానికి. మరికొందరు ఉండేవాళ్లు. ఊరూ పేరూ తెలియని రచయితలు, మొదటి కథ అచ్చవుతున్నవాళ్లు. వాళ్ల వాక్యాలు ఆ గొంతులో కూడా నిటారుగా నిలబడేవి. మంచి వాక్యానికి నటన అక్కర్లేదని నాకు అక్కడే తెలిసింది. పేజీ ప్రూఫు వచ్చేసరికి, అంటే మూడోసారి, నాకు కథ పూర్తిగా మాయమై, అది ఎలా కట్టారో మాత్రమే కనిపించేది. ఎక్కడ ఒక సంగతి దాచారు, ఎక్కడ తొందరపడ్డారు, ఏ పాత్రను మధ్యలో మరిచిపోయారు అన్నది తెలిసేది. నేను రాయడం నేర్చుకున్న బడి అదే.

ఆ ప్రెస్సులోనే నా మొదటి కథకు నేనే ప్రూఫు దిద్దాను. అది ఒక వారపత్రికకు వెళ్లింది. అక్కడి సంపాదకుడు చివరి పేరా తీసేసి, ఆ జాగాలో తలనొప్పి మాత్రల ప్రకటన వేశాడు. అడిగితే, “కథ ముందే అయిపోయింది కదమ్మా” అన్నాడు. ఆయన ఒక్కసారి చదివాడు, అది కూడా పేజీ నిండుతుందా లేదా అని. రెండోసారి చదివి ఉంటే ఆ పేరా తీయడానికి చెయ్యి వచ్చేది కాదు. ఇది జరిగి ఎన్నో ఏళ్లయినా ఆయన్ను నేను క్షమించలేదు.

డిసెంబరు రాగానే సంపాదకులు ఫోను చేస్తారు. “ఈ ఏడాది మీకు నచ్చిన పది పుస్తకాలు చెప్పండి, ఒక్కోదానికి రెండు వాక్యాలు చాలు” అంటారు. ఈ ఏడాదంతా ఒకే నవల మళ్లీ మళ్లీ చదివాను, దాని గురించి నాలుగు పేజీలు రాస్తానంటే, “పాత పుస్తకం మీద ఎవరు చదువుతారండీ, కొత్తవి ఏమైనా చెప్పండి” అని పెట్టేస్తారు. పాతది అంటే వాళ్ల దృష్టిలో కిందటి సంవత్సరానిది. ఇక ఆవిష్కరణ సభల సంగతి చెప్పనే అక్కర్లేదు. అట్ట వెనక మాటలు కారులో చదువుకుని వేదిక ఎక్కి, ఈ శతాబ్దంలో ఇంతటి రచన రాలేదని చెప్పి, శాలువా కప్పించుకుని వెళ్లిపోయేవాళ్లను నేను గుంటూరులోనూ చూశాను, బెజవాడలోనూ చూశాను. నీ నక్షత్రాలకు మూలం ఈ వాతావరణమే. అందుకే నీ మీద వచ్చిన కోపంలో సగం వాళ్లది.

ఎన్ని పుస్తకాలు చదివితే రచయిత్రిని కాగలనని అడిగావు. మీ అమ్మమ్మగారి తెనాలిలోనే శారద అనే రచయిత ఉండేవాడు. అసలు పేరు నటరాజన్. తమిళుడు. హోటల్లో పనిచేస్తూ, తెలుగు ఇక్కడికి వచ్చాక నేర్చుకుని, ఆ భాషలో కథలూ నవలలూ రాశాడు. ముప్పై ఏళ్లు దాటీదాటకుండానే 1955లో చనిపోయాడు. బల్లలు తుడిచి, ఎంగిలి గ్లాసులు తీసి, మిగిలిన వేళలో చదువుకున్న మనిషి ముందు నీ సంఖ్య ఎలా పెడతావు? ఆయన కథలు చదువు. చదివి, నెల ఆగి, మళ్లీ చదువు.

మీ ఇంట్లో నీకంటే ముందు ఎవరూ చదివినవాళ్లు లేరని కూడా రాశావు. అది ఒప్పుకోను. మీ అమ్మమ్మ పుట్టకముందే, 1935 ప్రాంతంలో, పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి పడవలో పుస్తకాలు వేసుకుని కాలువ గట్టు ఊళ్లకు తిప్పారు. బెజవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివాళ్లు పూనుకుని 1914లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలన్నిటికీ కలిపి ఒక సంఘమే పెట్టారు. చదువు రానివాళ్లకు చదువు వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని పైకి చదివి వినిపించిన నేల ఇది. విన్నవాళ్లు కూడా పాఠకులే. మీ అమ్మమ్మకు అక్షరం రాకపోయినా ఆవిడ నీకంటే జాగ్రత్తగా ఆ నవల చదివారు. ఆ ప్రశ్నే సాక్ష్యం.

కాబట్టి ఆ వ్యాసంలో నాలుగో పేజీ ఉంచి మిగతా పదకొండు పేజీలు పక్కన పెట్టు. ఏ పుస్తకం ఎలా ఉందో నీ అభిప్రాయం నాకు అక్కర్లేదు. ఆ రోజుల్లో ఇంట్లో ఏ గదిలో కూర్చుని చదివావు, ఆవిడ కళ్లకు నల్లద్దాలు ఉన్నాయా, ఏ చోట నిద్రపోయారు, నిద్రపోయారని నీకు ఎలా తెలిసింది, తెలిశాక కూడా ఇంకా ఎంతసేపు చదివావు, ఇవి రాయి. మర్నాడు అదే అధ్యాయం చదువుతున్నప్పుడు నీకు విసుగు వచ్చిందా? వచ్చి ఉంటే విసుగు వచ్చిందనే రాయి. ఏ వాక్యం దగ్గర ఆ విసుగు పోయింది? ఆ వాక్యం మళ్లీ వెతికి పట్టుకో. ఆవిడను మళ్లీ అడుగు, వాళ్ల ఊళ్లో ఎవరు కొలిచేవారు, కొలిచేటప్పుడు చేత్తో అంచు గీసేవారా, ఆవిడ ఎదురు చెప్పిన రోజు ఏదైనా ఉందా అని. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకో, నీ భాషలోకి మార్చకు. ఏడాది మొత్తం చదివినదానిలో రాయదగింది ఇంత దొరికితే అది చాలా పెద్ద సంపాదన.

వచ్చే ఏడాది 100 పుస్తకాలు లక్ష్యం అన్నావు. ఆ మాట మీ గోడ మీద రాసి ఉంటే చెరిపెయ్. జనవరి మొదట్లో బెజవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది కదా, 1989 నుంచి నడుస్తున్నది. చాలా ఏళ్లు స్వరాజ్య మైదానంలో జరిగేది. అక్కడ ఇప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబడి ఉంది. మహోత్సవానికి తప్పకుండా వెళ్లు, దుకాణం దుకాణం తిరుగు, పుస్తకాలు తీసి మధ్యలో ఒక పేజీ చదువు, కానీ ఈసారి ఒక్కటీ కొనకు. నీ 58లో మళ్లీ తెరవాలనిపించేవి అయిదారు ఉంటాయి. ముందు వాటి సంగతి చూడు. ఒక్కటి కూడా లేదంటే, అప్పుడు లెనిన్ సెంటర్‌కు వెళ్లి పాత పుస్తకాల షాపుల్లో వెతుక్కో. ఎవరో పెన్సిలుతో గీతలు గీసి, అంచుల్లో ఏవో రాసుకున్న ప్రతి దొరికితే తీసుకో. నీకంటే ముందు ఒకరు దాన్ని నిదానంగా చదివారని అర్థం.

పైకి చదవడం మాత్రం మానకు. నువ్వు రాసింది కూడా ఎవరిచేతనైనా చదివించుకుని విను. తమ్ముడు ఉన్నాడన్నావు కదా, వాడిచేత చదివించు. వాడికి సాహిత్యం అంటే ఇష్టం లేదన్నావు, మరీ మంచిది. వాడు ఆగినచోట గీత పెట్టు.

కలం పేరు గురించి అడిగినదానికీ, ఇంగ్లీషు నవలల గురించి అడిగినదానికీ ఇప్పుడు జవాబు రాయను. ఈ వ్యాసం ఏ పత్రికకు పంపాలన్నావు. దేనికీ పంపకు. కొత్తగా రాసినది ఉగాదిలోపల నాకు పంపు, పోస్టులో వద్దు, నువ్వే తీసుకురా. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాక బ్రాడీపేటలో ఇంట్లోనే ఉంటాను. నేను చూడను, నువ్వే పైకి చదవాలి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మగారికి నమస్కారాలు చెప్పు.