ఇంగ్లండ్ పల్లెలో 18 మందికి ఒకే ఇల్లు: పెద్దవాళ్లతో వెళ్తుంటే ఏమేం చూసుకోవాలి?

జూన్‌లో మీ అమ్మానాన్నలు, అత్తమామలు ఇండియా నుంచి వస్తున్నారని, పిల్లాపాపలతో కలిపి మూడు కుటుంబాల వాళ్లు 18 మంది అవుతారని, పల్లెలో మనమే వండుకునే పెద్ద ఇల్లు తీసుకుంటే హోటల్ కన్నా మేలేనా అని అడిగారు. హాట్ టబ్ (వేడినీళ్ల తొట్టి) ఉన్న ఇల్లే కావాలని పిల్లలు పట్టుబడుతున్నారని కూడా రాశారు.

మేలే. పెద్దవాళ్లు ఉన్నప్పుడు మరీ మేలు. హోటల్లో తలా ఒక గదిలో తలుపులు వేసుకుని కూర్చోవాలి. పొద్దున్నే లేచిన నాన్నగారికి ఒక కప్పు కాఫీ కావాలన్నా కిందికి దిగి ఎవరినో అడగాలి. మేం ఉండేది మిడ్‌ల్యాండ్స్‌లో, అంటే మధ్య ఇంగ్లండ్‌లో. బంధువులతో, స్నేహితుల కుటుంబాలతో కలిసి ష్రాప్‌షైర్, పీక్ డిస్ట్రిక్ట్, కాట్స్‌వోల్డ్స్ వైపు ఇలాంటి ఇళ్లలో చాలాసార్లు ఉన్నాం. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ఇల్లు వెతకడానికి ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. వంట ఎవరు చేస్తారు? సెల్ఫ్ క్యాటరింగ్ అన్నాక పూటకి 18 కంచాలు. ఏమీ అనుకోకుండా బయల్దేరితే ఆ పని ఎవరి మీద పడుతుందో మనందరికీ తెలుసు. మీ అమ్మగారు, అత్తయ్యగారు, ఇంటి కోడళ్లు నాలుగు రోజులూ పొయ్యి దగ్గరే నిలబడతారు. మిగతావాళ్లు కొండలెక్కి ఫొటోలు తీసుకుని వస్తారు. నా దృష్టిలో అది సెలవు కాదు, పెళ్లింటి చాకిరీ. అంత దూరం నుంచి వచ్చిన అమ్మకు ఇంగ్లండ్ అంటే ఒక కొత్త వంటగదిగా మాత్రమే గుర్తుండిపోకూడదు.

అందుకని మేం పూటలు పంచుకుంటాం. రోజుకో కుటుంబం రాత్రి వంట చేస్తుంది, ఆ కుటుంబంలో మగవాళ్లతో సహా. పొద్దున టిఫిన్ పూర్తిగా మగవాళ్లది: ఉప్మా, బ్రెడ్ ఆమ్లెట్, ఎవరికి చేతనైంది వాళ్లు. మొదటి రాత్రికి పొయ్యి వెలిగించే పనే పెట్టుకోం. చాలా ఇళ్లలో సాయంత్రం నాలుగింటికి గానీ తాళాలు ఇవ్వరు. సామాను దించేసరికి పిల్లలు ఆకలితో ఉంటారు. ఇంటి నుంచే పులిహోర, చపాతీలు, ఒక డబ్బా కోడికూర, పెరుగు తెచ్చుకుంటే ఆ పూట గడిచిపోతుంది. ఒక మధ్యాహ్నం ఊళ్లో పబ్బుకి వెళ్లండి. 18 మంది అంటే చాలా ముందుగా చెప్పి పెట్టుకోవాలి, ఆదివారమైతే మరీను. మీ పెద్దవాళ్లు శాకాహారులైతే ఫోన్‌లోనే వాళ్లకేం ఉంటుందో అడిగి తెలుసుకోండి. పల్లె పబ్బుల్లో శాకాహారం ఒకటి రెండు రకాలకు మించి ఉండకపోవచ్చు.

ఇక ఇల్లు. ప్రకటనలో ‘18 మందికి పడక’ అని ఉంటే ఆ అంకెను విడగొట్టి చూడండి. అందులో హాల్లో వేసే సోఫా బెడ్లు, పిల్లల బంకు మంచాలు, అటక మీది గది కూడా కలిపేస్తారు. హాల్లో పడుకునేవాళ్లకి అందరూ లేచి వెళ్లేదాకా నిద్ర ఉండదు. నేను ముందు చూసేది భోజనాల బల్ల ఫొటో. 18 కుర్చీలు ఒకే బల్ల చుట్టూ పడతాయా? పడకపోతే ఆ ఇల్లు అంతమందికి కట్టింది కాదు, మంచాలు ఇరికించి పెంచింది. తర్వాత స్నానాల గదులు లెక్కపెడతాను. నలుగురికి ఒకటైనా లేకపోతే పొద్దున బయటికి కదిలేసరికి పన్నెండవుతుంది.

కింది అంతస్తులో ఒక పడక గది, దానికి ఆనుకుని స్నానాల గది ఉండి తీరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఈ ఇళ్ల మెట్లు ఎక్కలేరు. మెట్లు ఇరుకు, నిటారు. తలుపులు పొట్టి, దూలాలు తలకు తగులుతాయి. ఇలాంటి పాత ఇళ్లలో చాలావాటిని చారిత్రక కట్టడాలుగా ప్రభుత్వం జాబితాలో చేర్చింది కాబట్టి యజమాని తలచుకున్నా మెట్లు, తలుపులు ఇష్టమొచ్చినట్టు మార్చలేడు. స్నానానికి టబ్బు అంచు దాటి లోపలికి దిగాలా, నేరుగా నడిచి వెళ్లే షవర్ ఉందా అన్నది కూడా అడగండి.

స్నానాల గది గురించి ఇంకో మాట. ఇక్కడ స్నానాల గది నేలలో నీళ్లు పోయే తూము ఉండదు. మనవాళ్లు అలవాటు కొద్దీ బకెట్ పెట్టుకుని నేల మీద కూర్చుని పోసుకుంటే ఆ నీళ్లు చెక్కనేలలో ఇంకి కింద గది సీలింగ్ నుంచి కారతాయి. చెంబు, బకెట్ తీసుకెళ్లండి, కానీ షవర్ తొట్టి లోపలే వాడుకోమని మొదటి రోజే పెద్దవాళ్లకి నెమ్మదిగా చెప్పండి. ఊరికి దూరంగా ఉన్న ఇళ్లకి డ్రైనేజీ లైను ఉండదు, సెప్టిక్ ట్యాంకే. తడి వైప్స్, ప్యాడ్లు టాయిలెట్లో వేయకూడదు. వేయించిన నూనెను సింకులో పోయకూడదు, చల్లార్చి సీసాలో పోసి చెత్తలో పడేయాలి.

వంటగది ఫొటోలో పొయ్యి ఏ రకమో చూడండి. పెద్ద ఫామ్‌హౌస్‌లలో ఆగా అనే పోత ఇనుము పొయ్యి కనిపిస్తుంది. ఎప్పుడూ వేడిగా ఉంటుంది, చలికాలంలో దాని పక్కన కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ మంట పెంచడం, తగ్గించడం మన చేతిలో ఉండదు. తాలింపుకీ అట్లకీ అది పనికిరాదు. పక్కన మామూలు పొయ్యి కూడా ఉందేమో యజమానిని అడగండి. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కరు, అల్యూమినియం పెనం దాని మీద వేడెక్కవు. అయస్కాంతం అంటుకునే అడుగున్న గిన్నెలే కావాలి. ఏ పొయ్యి అయినా పెద్ద రైస్ కుక్కరు, పోపుల డబ్బా, మిక్సీ, అట్లకాడ మన వెంట ఉండాల్సిందే. అక్కడ వైన్ గ్లాసులు యాభై ఉంటాయి, అన్నం వార్చే గిన్నె ఒక్కటి ఉండదు. సరుకులు టెస్కో, సెయిన్స్‌బరీస్ లాంటి సూపర్‌మార్కెట్లవాళ్లు పల్లెలకీ తెచ్చిస్తారు. ఆ ఇంటి పోస్ట్‌కోడ్‌కి (మన పిన్ కోడ్ లాంటిది) డెలివరీ ఉందో లేదో ముందే చూసి, చేరిన రోజు సాయంత్రానికి పెట్టుకోండి. కరివేపాకు, పచ్చిమిర్చి, కందిపప్పు మాత్రం ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్లండి.

ఎండుమిర్చి తాలింపు పెట్టగానే స్మోక్ అలారం మోగుతుంది. పెద్ద ఇళ్లలో అలారాలన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒకటి మోగితే ఇల్లంతా మోగుతుంది, నిద్రపోయే పసిపిల్లలు లేచి ఏడుస్తారు. వంటగది తలుపు మూసి, కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసి తాలింపు పెట్టండి. అలారానికి గుడ్డ చుట్టడం, బ్యాటరీ తీసేయడం మాత్రం ఎవర్నీ చేయనివ్వకండి. అన్ని చెక్క దూలాల మధ్య 18 మంది నిద్రపోతారు. 2023 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో ఇలాంటి అద్దె ఇళ్ల యజమానులు అగ్నిప్రమాద ముప్పు అంచనాను రాతపూర్వకంగా ఉంచుకోవాలి. ఉందా అని అడగండి. మంచి యజమాని వెంటనే అవునంటాడు, ఆ జవాబులోనే ఆ ఇంటి నిర్వహణ ఎలా ఉందో తెలుస్తుంది. అదే కారణంతో, చెప్పిన సంఖ్యకి మించి ‘ఇద్దరు సర్దుకుంటారులే’ అని తీసుకెళ్లొద్దు.

ఇళ్లలో నాకు ఎక్కువ ఇష్టమైనవి పాత ధాన్యపు కొట్లను (బార్న్‌లను) మార్చి కట్టినవి. వాటి గురించి కొంచెం చెప్పాలి, మీ నాన్నగారిది వ్యవసాయ కుటుంబమైతే ఇది ఆయనకి చూపించండి. ఈ బార్న్‌లలో చాలావాటికి ఎదురెదురుగా రెండు ఎత్తైన వాకిళ్లు ఉంటాయి. ఇప్పుడు వాటికి నిలువెత్తు అద్దాలు బిగించి ఉంటారు. ఒకప్పుడు ఆ రెండు వాకిళ్ల మధ్య నేలే వాళ్ల కళ్లం. బండి నిండా పంట లోపలికి తోలి, అక్కడే కర్రలతో నూర్చి, రెండు వైపులా తలుపులు తెరిచి, ఆ గాలివాటుకి తూర్పారబట్టేవారు. మన కళ్లం ఆరుబయట, వాళ్ల కళ్లం చూరు కింద, ఇక్కడి వానలకి వేరే దారి లేదు మరి. యంత్రాలు పెద్దవై ఆ వాకిళ్లలో పట్టకపోవడంతో కొట్లు ఖాళీ పడ్డాయి. తర్వాత ఎన్నో ఇళ్లయ్యాయి. మా మామయ్యగారు ఒకసారి అలాంటి ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని, గాలి ఏ వైపు నుంచి వచ్చేదో, ధాన్యం ఎక్కడ కుప్ప పోసి ఉంటారో చేత్తో చూపిస్తూ మనవలకి చెప్పారు. ఆయన ఇంగ్లండ్‌లో అంత ధారాళంగా మాట్లాడటం నేను అప్పుడే చూశాను.

ఏ ప్రాంతమంటే, మీరూ మధ్య ఇంగ్లండ్‌లోనే ఉన్నారు కాబట్టి కార్న్‌వాల్ వద్దు. అయిదారు గంటల ప్రయాణం పెద్దవాళ్లని అలిసిపోయేలా చేస్తుంది. కాట్స్‌వోల్డ్స్ అందమైనదే, కానీ అద్దెలు ఎక్కువ, వేసవిలో బైబరీ, బోర్టన్ లాంటి ఊళ్లలో కారు ఆపే చోటు దొరకదు. నేనైతే ష్రాప్‌షైర్ అంటాను. చర్చ్ స్ట్రెటన్ దగ్గర కార్డింగ్ మిల్ లోయలో పిల్లలు ఆడుకునే వాగు, పెద్దవాళ్లు కూర్చునే టీ దుకాణం పక్కపక్కనే ఉన్నాయి. ఓపికున్నవాళ్లు అక్కడి నుంచే లాంగ్ మిండ్ కొండ ఎక్కొచ్చు. లడ్లో ఊళ్లో కోట, దాని ముందే సంత. 1779లో సెవెర్న్ నది మీద కట్టిన ఇనుప వంతెన ఐరన్‌బ్రిడ్జ్‌లో ఉంది, ప్రపంచంలో మొదటి పెద్ద పోత ఇనుము వంతెన అదే. వెళ్లే దారిలోనో తిరిగొచ్చేటప్పుడో బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో వెంకటేశ్వరస్వామి ఆలయానికి వెళ్లొచ్చు. మా అత్తయ్యగారికైతే ఆ దర్శనం లేకుండా ప్రయాణం పూర్తి కాదు.

అసలు ప్రతిరోజూ కార్లెక్కాల్సిన పని కూడా లేదు. పసుపు బాణం గుర్తున్న కాలిబాట ఏదైనా ప్రజలందరిదీ, అది రైతు పొలం మధ్య నుంచి పోయినా సరే నడిచే హక్కు మనకుంది. గేటు తెరిస్తే మళ్లీ వేయండి. దూడలున్న ఆవులకి మాత్రం దూరంగా చుట్టి వెళ్లండి. మన ఊరి ఆవుల్లా దగ్గరికెళ్లి నిమరాలనుకుంటే ప్రమాదం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, భోజనాలయ్యాక అందరూ నడిచి రావచ్చు. స్వెటర్లు వేయించండి. రాతి గోడల ఇళ్లు వేసవి సాయంత్రాల్లోనూ చల్లగానే ఉంటాయి. జూన్, జూలైలో హీటర్ వేసుకోనిస్తారా, దానికి వేరే డబ్బులా అని అడగండి.

దారులు ఒక్క కారు పట్టేంత ఇరుకు, ఎదురొచ్చినవాళ్లకి ఎవరో ఒకరు వెనక్కి వెళ్లి దారివ్వాలి. ఫోన్ సిగ్నల్ పోతుంది, ఒకే పోస్ట్‌కోడ్ కింద నాలుగైదు ఫామ్‌లు ఉంటాయి. కాబట్టి యజమాని పంపిన దారి వివరాలు ప్రతి కారులోనూ కాగితం మీద ఉండాలి.

పిల్లల హాట్ టబ్ గురించి: అది ఉన్న ఇంటికి అద్దె ఎక్కువ, మీ 18 మందిలో వాడేది అయిదారుగురు, చిన్నపిల్లల్ని చాలాచోట్ల దిగనివ్వరు. అదే డబ్బుకి కింది గది, ఇంకో స్నానాల గది వస్తాయంటే నేను వాటికే ఓటేస్తాను. ఒకే ఇల్లు దొరక్కపోతే, ఒకే ఆవరణ చుట్టూ మూడు నాలుగు చిన్న ఇళ్లు, అందరికీ కలిపి ఒక హాలు ఉండే ఫామ్‌లు చూడండి. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు అవి ఇంకా హాయి. యూత్ హాస్టళ్ల సంస్థ వైహెచ్ఏ కూడా కొన్ని హాస్టళ్లను మొత్తంగా అద్దెకిస్తుంది, వంటగది పెద్దది, ఖర్చు తక్కువ. కాకపోతే ఎక్కువగా బంకు మంచాలే, మీ పెద్దవాళ్లకి కుదరదు.

తేదీల సంగతి. ఎక్కువ ఇళ్లు శుక్రవారం నుంచి సోమవారం దాకా మూడు రాత్రులు, లేదా సోమవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రాత్రులు ఇస్తాయి. బడి సెలవుల్లో చాలామంది వారానికి తక్కువ ఇవ్వరు, ధర కూడా బాగా పెరుగుతుంది. అలాగని బడి మానిపించొద్దు, అనుమతి లేకుండా మానిపిస్తే వేసే జరిమానా 2024 ఆగస్టు నుంచి ఒక్కో పిల్లకి, తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికి 160 పౌండ్లు, మొదటిసారైతే 21 రోజుల్లో కడితే 80. మీకు కుదిరేది జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో ఒక శుక్రవారం. ఆదివారం రాత్రి దాకా ఉండి బయల్దేరండి, సోమవారం బడి పోదు. పని లేని పెద్దవాళ్లతో ఒకరిద్దరు సోమవారం పొద్దున దాకా ఆగి, అంట్లు సర్ది, తాళం అప్పగించి రావచ్చు. ఖర్చు తలల లెక్కన కాకుండా గదుల లెక్కన పంచుకోండి. పెద్దవాళ్ల గదుల అద్దె మూడు కుటుంబాలూ సమానంగా పెట్టుకుంటే ఎవరికీ మనసులో ఏమీ ఉండదు. అడ్వాన్సు క్రెడిట్ కార్డుతో కట్టండి. బ్యాంకు ఖాతాలోకి మొత్తం డబ్బు వెంటనే పంపమని తొందరపెట్టే ప్రకటనని వదిలేయండి. ఈ సైజు ఇళ్లు తక్కువ, వేసవి వారాంతాలు నెలల ముందే అయిపోతాయి. మీ అమ్మానాన్నల టికెట్లు ఖాయమైన రోజే యజమానులకి ఫోన్లు మొదలుపెట్టండి.