ఇల్లు రాయించకండి, ముందు ఆర్డరు మీద తేదీ చూడండి

తాడిపత్రి నుంచి ఒకావిడ రాశారు. వాళ్లాయనకు బండల పాలిష్ యూనిట్ ఉంది. 2021-22కి పన్ను 11 లక్షల 40 వేలు, వడ్డీ, పెనాల్టీ అన్నీ కలిపి దాదాపు 21 లక్షలు కట్టమని జీఎస్టీ ఆర్డరు వచ్చింది. రఫ్ బండలు అమ్మినవాడు తన రిటర్నులు వేయకుండా ఎగ్గొట్టి పోయాడు, కాబట్టి ఆ బిల్లుల మీద ఈయన తీసుకున్న క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకోవడం) చెల్లదన్నారట. ఆ కాగితాలు ఆయన ఇంట్లో చూపించలేదు, స్కూటీ డిక్కీలో రెయిన్‌కోటు కింద ఈమెకు దొరికాయి. ఇంకోపక్క 6 లక్షలు అప్పిచ్చిన పెద్దమనిషి "కోర్టులో ఐపీ (దివాలా పిటిషన్) వేయించి ఇల్లు వేలం పెట్టిస్తా" అని ఇంటి ముందుకొచ్చి అరిచి వెళ్లాడు. ఇల్లు మామగారు కట్టింది, స్వార్జితం. 2016లో వీలునామా రాయకుండానే పోయారు, కాగితాలు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉన్నాయి. "మా అన్న ఏమో ఇల్లు అత్త పేరుకు రాయించేసి, ఆయన్ని కొన్నాళ్లు బెంగళూరు పంపించేయమంటున్నాడు. ఈయనేమో ఆడబిడ్డతో సంతకం పెట్టించుకుని ఇంటి మీద లోను తీస్తానంటున్నాడు. రాత్రిపూట నేను పోతే అన్నీ పోతాయి అంటున్నాడు. నాకు చేతులు ఆడడం లేదు" అని ఆమె ఉత్తరం.

అమ్మా, ఆయన రాత్రిపూట అంటున్న ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. ఇల్లు, పన్ను తర్వాత చూద్దాం. ఈ రాత్రికే ఆయన పక్కన కూర్చుని సూటిగా అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని. అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టవుతుందేమోనని భయపడకండి, అలా ఏమీ కాదు, ఎవరో ఒకరు అడిగితే చాలు అన్నట్టు ఉంటారు చాలామంది. ఆయన్ని యూనిట్‌లో రాత్రిళ్లు ఒక్కడినే పడుకోనివ్వకండి. 14416 టెలీమానస్ నంబరు, అంటే మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఫ్రీ, ఏ వేళైనా మాట్లాడతారు, తెలుగులోనే. ఆయన చేయనంటే మీరే చేసి ఏం చేయాలో అడగండి. ఇంకో మాట కూడా ఆయన చెవిన వేయండి: మనిషి పోతే పన్ను పోదు. ఆయన వదిలిన ఆస్తి ఎంతుందో అంతవరకు వారసుల దగ్గర వసూలు చేస్తారు, చట్టంలోనే ఉంది. అంటే ఆయన ఏ ఇంటిని కాపాడాలనుకుంటున్నాడో, తాను లేకపోతే దాని కోసం కొట్లాడేవాళ్లలో ఒకరు తగ్గుతారు, అంతే.

ఇక మీ అన్న సలహా. ఆయన మీ మేలు కోరే చెప్పాడు, కాదనను, కానీ చెప్పిన రెండు పనులూ మిమ్మల్ని ముంచేవే. మన దగ్గర ఎవరన్నా చేతులెత్తేస్తే "ఐపీ పెట్టాడు" అంటాం కదా, ఆ ఐపీకి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం, మామూలు మనుషులకు మన జిల్లాల్లో ఇప్పటికీ అదే. దాని ప్రకారం అప్పిచ్చినవాడు కూడా పిటిషన్ వేయొచ్చు, అప్పు 500 రూపాయలున్నా చాలు (వందేళ్ల కిందటి లెక్క మరి). కానీ అప్పు తీర్చలేదన్న ఒక్క కారణంతో వేయడానికి లేదు. అప్పులవాళ్లకు అందకుండా ఆస్తి ఇంకొకరి పేరుకు మార్చడం, ఇల్లు విడిచి పోవడం, దాక్కుని దొరక్కుండా తిరగడం, ఇలాంటి పనులేవో పిటిషన్‌కు ముందు మూడు నెలల లోపల చేసి ఉండాలి. ఇప్పుడు మీ అన్న మాట ఇంకోసారి చదవండి. ఆ 6 లక్షల ఆయనకు కావాల్సిన రెండు సాక్ష్యాలూ మన చేత్తో మనమే రాసిచ్చినట్టే కదా. ఫోన్ స్విచాఫ్ చేసుకుని కూర్చోవడం కూడా ఆ లెక్కలోకే రావొచ్చు, కాబట్టి ఎత్తి, "కడతాను, ఇంత టైము కావాలి" అని చెప్పమనండి. "ఇక ఎవరికీ కట్టను" అని మాత్రం ఎవరితోనూ అనొద్దు.

జీఎస్టీ వైపు నుంచి చూసినా అంతే, పన్ను బాకీ పడ్డాక దాన్ని ఎగ్గొట్టడానికి చేసిన బదిలీ చెల్లదు. అసలు ఆయన రాయించేది తన వాటా ఒక్కటే అవుతుంది, ఇల్లంతా ఆయనది కాదు, ఆ సంగతి కింద చెబుతాను.

ఆయనే విసిగిపోయి ఐపీ పెట్టేస్తానంటే? వద్దు. బయటి అప్పులకు అది కొంత ఊరటేమో గానీ, ఆ చట్టం కింద దివాలా తీరి బయటపడ్డా ప్రభుత్వ బాకీ మాఫీ కాదు. పైగా ఉన్న ఆస్తి పంచేటప్పుడు మొదటి వరుసలో నిలబడేది ప్రభుత్వమే. పరువు పోయి, పన్ను మిగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఆర్డరు. డిక్కీలో దొరికిన కాగితాల్లో డీఆర్‌సీ-07 (ఆర్డరు సారాంశం) అని ఉన్నది తీసి, దాని మీద తేదీ చూడండి. అది చేతికి అందిన రోజు నుంచి మూడు నెలల్లోపు అప్పీలు వేసుకోవచ్చు, సరైన కారణం చూపిస్తే ఇంకో నెల ఇస్తారు, ఆ పైన అప్పీలు అధికారికి కూడా చేతులు కట్టేసినట్టే. ఈ కాగితాలు పోర్టల్‌లో పెట్టేసి ఊరుకుంటారు, మెయిల్ పోయేది అకౌంట్స్ రాసే అబ్బాయి ఐడీకి, చాలా ఇళ్లలో మునిగేది ఇక్కడే. మీ ఆయనతోనే లాగిన్ చేయించి, నోటీసులు, అదనపు నోటీసులు రెండు చోట్లా వెతికించండి. సంతకం లేని ఆర్డర్లను మన హైకోర్టు కొట్టేసిన సందర్భాలున్నాయి, అదీ లాయరుకు చూపించండి.

అప్పీలుకు 21 లక్షలు కట్టక్కర్లేదు. వివాదంలో ఉన్న పన్నులో పది శాతం, అంటే మీ లెక్కన 1 లక్షా 14 వేలు కడితే, అప్పీలు తేలేదాకా మిగతాదాని వసూలు ఆగుతుంది. ఇల్లు తాకట్టు పెట్టి 21 లక్షలు తెస్తానన్న మనిషికి ఈ మాట ఎవరూ చెప్పలేదేమో, చెప్పి ఉంటే కాగితాలు డిక్కీలో పెట్టేవాడు కాదు. మీ దగ్గర బంగారం ఉంటే దాని మీద ఇంత మాత్రం తీసుకోండి, నేను మామూలుగా నగల జోలికి వెళ్లమనను, ఈసారికి అంటున్నాను. అప్పీలులో నిలబడాలంటే బండలు నిజంగా వచ్చాయని చూపించాలి: లారీ నంబర్లు, కాటా చీటీలు, ఈ-వే బిల్లులు, బ్యాంకులో డబ్బు పోయిన స్టేట్‌మెంట్లు. యూనిట్‌లో షెడ్డు మూల మేకుకు గుచ్చి పెట్టే చీటీల కట్ట ఉంటుంది చూడండి, దుమ్ము దులిపి అది ఇంటికి తెచ్చేయండి.

ఒకవేళ కొంత పన్ను నిజంగానే కట్టాల్సి వస్తే 24 నెలల వరకు వాయిదాలు అడగొచ్చు, వడ్డీతో. డీఆర్‌సీ-20 ఫారం. ఒక్క వాయిదా తప్పినా మొత్తం ఒకేసారి కట్టమంటారు, రిటర్నులో తానే చూపించి ఎగ్గొట్టిన పన్నుకు ఈ సౌకర్యం లేదు, రికవరీ మొదలైపోయాక అడిగితే ఇవ్వరు. అందుకే తొందర పెడుతున్నాను.

ఇల్లు. మన రాష్ట్రంలో వ్యాపారి ఉండే ఇంటిని జప్తు చేయకూడదన్న రక్షణ లేదు, రైతు తానుండే ఇంటికి ఉంది గానీ మీకది వర్తించదు. అయినా మీకు వేరే బలం ఉంది. మామగారు వీలునామా లేకుండా పోయారు కాబట్టి అత్తగారికి, మీ ఆయనకు, ఆడబిడ్డకు మూడు సమాన వాటాలు. ఆయన బాకీకి జప్తు చేయగలిగేది ఆయన మూడో వంతునే. దాన్ని వేలంలో బయటివాడు కొన్నా వచ్చి మీ వంటింట్లో కాపురం పెట్టలేడు, పార్టిషన్ దావా వేసుకోవాలి, అప్పుడు కూడా ఆ వాటాను కోర్టు కట్టిన ధరకు మీ ఇంటివాళ్లే కొనుక్కునే హక్కుంది. అలాంటి వాటాకు కొనేవాడు దొరకడమే కష్టం. మామగారి కొనుగోలు దస్తావేజు, ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే పత్రం), ఆయన డెత్ సర్టిఫికెట్, తహశీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇవన్నీ ఒక కవర్లో పెట్టి అత్తగారి బీరువాలో ఉంచండి.

అందుకే మీ ఆయన ఆడబిడ్డతో సంతకం పెట్టించుకోవాలన్నది అన్నిటికన్నా ప్రమాదం. ఆమె వాటా వదులుకున్న రోజు, జప్తుకు దొరికే భాగం మూడో వంతు నుంచి మూడింట రెండొంతులవుతుంది, పైన లోను కూడా.

జీఎస్టీ కేసు ఆయన పేరు మీద, దానికి జీఎస్టీ అప్పీళ్లు చూసే వకీలో సీఏనో కావాలి, నోటీసుల సంగతి చెప్పకుండా ఊరుకున్న అకౌంటెంటు అయితే మాత్రం వద్దు. ఇంటి విషయానికి మీరూ మీ అత్తగారూ అనంతపురం జిల్లా కోర్టులో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునిస్తారు, ముందు 15100కి ఫోన్ చేసి అడిగినా చెబుతారు. మీ జీతం పడే అకౌంటులో ఆయన పేరు జాయింటుగా ఉంటే, మీకు వేరేగా ఒకటి తెరుచుకోండి.

ఆడబిడ్డకు ఫోన్ మీరే చేయండి. ఆయన చేస్తే సంతకం అడగడానికే చేసినట్టుంటుంది. "వదినా, నీ వాటా నీ దగ్గరే ఉంచుకో, ఎవరడిగినా సంతకం పెట్టొద్దు, మీ అన్న అడిగినా సరే" అని చెప్పండి. ఆ మాట మీ నోటి నుంచి వస్తే ఆమె ముందు తెల్లబోతుంది, ఆ తర్వాత ఆ 1 లక్షా 14 వేలల్లో ఎంతో కొంత తానే సర్దుతానన్నా అనొచ్చు.