వేడెక్కుతున్న సముద్రంలో పగడాల మనుగడ

ప్రశ్న: వేసవిలో మా విజయవాడలో ఎండ 45 డిగ్రీల దాకా పోయినా మనుషులు, పశువులు, చెట్లు ఎలాగో తట్టుకుంటున్నాయి. సముద్రపు నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితేనే పగడపు దిబ్బలు తెల్లబడి చనిపోతున్నాయని చదివాను. అంత చిన్న మార్పుకే తాళలేని జీవులు ఇన్ని యుగాలుగా ఎలా బతికాయి? వేడిని ఎదుర్కొనే శక్తి వాటికి బొత్తిగా లేదా?
– ఒక ఉపాధ్యాయురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: శక్తి ఉంది, అదీ ఒక్క విధంగా కాదు, ఎన్నో విధాలుగా. అయితే ముందు మీ పోలికను కొంచెం సరిచూడాలి. బయట 45 డిగ్రీల ఎండ కాస్తున్నా చెమట పట్టడం వల్ల మన ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అది రెండు డిగ్రీలు పెరిగితే మనమూ మంచం పట్టవలసిందే. పగడపు జీవికి అటువంటి ఏర్పాటు లేదు. రాతిని అంటిపెట్టుకుని బతికే ఆ మెత్తని చిన్న జీవి, అంటే పాలిప్, చుట్టూ ఉన్న నీరు ఎంత వేడిగా ఉంటే తానూ అంత వేడిగా ఉంటుంది, చల్లని చోటికి కదలిపోలేదు. పైగా ఆ ఒక్క డిగ్రీని లెక్కించేది ఏడాది సగటు మీద కాదు, ఆ చోట మామూలుగా అన్నిటికంటే వేడిగా ఉండే నెల సగటు మీద. ఆ పైన ఒక డిగ్రీ అధికంగా నాలుగు వారాలు నిలిస్తే పగడాలు తెల్లబడతాయని, ఎనిమిది వారాలు నిలిస్తే పెద్ద ఎత్తున చనిపోతాయని శాస్త్రవేత్తలు అంచనా కడతారు.

పాలిప్ కణాల లోపల చదరపు సెంటీమీటరుకు పది లక్షలకు పైగా సూక్ష్మ శైవలాలు, అంటే నాచు జాతికి చెందిన కంటికి కనబడని జీవులు, కాపురం ఉంటాయి. అవి ఎండను ఉపయోగించుకుని తయారుచేసే చక్కెరలతోనే పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా సమకూరుతుంది. దాని రంగు కూడా చాలావరకు వాటిదే. నీరు మితిమీరి వేడెక్కినప్పుడు శైవలంలోని కిరణజన్య సంయోగక్రియ దెబ్బతిని, కణాలకు హాని చేసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టుకొస్తాయి. అప్పుడు తనకు అన్నం పెట్టే ఆ శైవలాలనే పగడం బయటికి వెళ్లగొట్టుకుంటుంది. పారదర్శకమైన ఒంట్లోంచి లోపలి సున్నపు అస్థిపంజరం తెల్లగా కనబడుతుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. తెల్లబడిన పగడం చనిపోయిన పగడం కాదని గుర్తుంచుకోవాలి. అది ఆకలితో ఉన్న పగడం. నీరు త్వరగా చల్లబడితే కొన్ని వారాలలో, కొన్ని నెలలలో శైవలాలు మళ్లీ చేరి రంగు తిరిగి వస్తుంది.

ఇక అవి తట్టుకునే తీరు. వేడి సోకగానే ప్రోటీన్లు చెడిపోకుండా కాపాడే ప్రత్యేక ప్రోటీన్లను పగడం తయారుచేసుకుంటుంది. కొన్ని జాతులు ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద ఆధారపడతాయి. హవాయిలో ఒక జాతి తెల్లబడిన రోజులలో నీటిలోని సూక్ష్మజీవులను మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పట్టి తిని నిలదొక్కుకుంది. మరికొన్ని, వేడికి ఓర్చుకునే వేరే రకం శైవలాలకు లోపల చోటిస్తాయి. దానివల్ల ఒకటి, ఒకటిన్నర డిగ్రీల ఓర్పు అదనంగా లభిస్తుంది, కానీ ఆ శైవలాలు పెట్టే తిండి తక్కువ కాబట్టి ఎదుగుదల మందగిస్తుంది. బండల్లా గుండ్రంగా, నెమ్మదిగా పెరిగే పోరైటిస్ పగడాలు తరచుగా బతికి బయటపడతాయి. కొమ్మలు వేసి చురుగ్గా పెరిగే అక్రోపొరా ముందుగా చనిపోతాయి.

అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేవి పర్షియన్ సింధుశాఖలోని పగడాలు. వేసవిలో నీరు 35 డిగ్రీలకు చేరినా అవి బతుకుతాయి. అయితే ఆ సముద్రం ఇప్పటి తీరరేఖకు చేరి దాదాపు ఆరు వేల ఏళ్లయింది. ఆ ఓర్పు వాటికి వేల ఏళ్ల మీద అబ్బింది. అయినా 2017లో అవి కూడా తీవ్రంగా తెల్లబడ్డాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ ఉపాయాలన్నిటికీ వ్యవధి కావాలి. చురుగ్గా పెరిగే జాతులున్న దిబ్బ కోలుకోవడానికే పది పదిహేనేళ్లు పడుతుంది. 1980ల తొలి సంవత్సరాలలో ఒకే దిబ్బ మీద తీవ్రమైన బ్లీచింగ్ పాతిక ముప్పై ఏళ్లకు ఒకసారి వచ్చేది. 2016 నాటికి ఆ ఎడం ఆరేళ్లకు తగ్గిపోయింది. మన లక్షద్వీప్ దిబ్బలు 1998లో, 2010లో, 2016లో, మళ్లీ 2024లో ఈ దెబ్బ తిన్నాయి. 2023లో మొదలైన నాలుగవ ప్రపంచవ్యాప్త బ్లీచింగ్‌లో భూమి మీది పగడపు దిబ్బలలో 80 శాతానికి పైగా పగడాలు తెల్లబడే స్థాయి వేడిని చవిచూశాయి. పగడాలను బలహీన జీవులని తీసిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం. వాటికి మనం ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడం లేదు. భూమి సగటు ఉష్ణోగ్రత పెరుగుదల 1.5 డిగ్రీల దగ్గర ఆగినా దిబ్బలలో 70 నుంచి 90 శాతం నశిస్తాయని, రెండు డిగ్రీలకు చేరితే 99 శాతం మించి పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2018లోనే హెచ్చరించింది.

ప్రశ్న: పగడాలు కదలలేకపోయినా వాటి పిల్లలు నీటిలో కొట్టుకుపోతాయి కదా! అవి చల్లని చోట్లు వెతుక్కోలేవా? మన కృష్ణా తీరానికి రాలేవా?
– డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కొంతవరకు చేరగలవు. జపాన్ తీరంలో కొన్ని జాతులు ఏడాదికి 14 కిలోమీటర్ల వేగంతో ఉత్తరానికి విస్తరించినట్లు గుర్తించారు. కానీ ధ్రువాల వైపు పోయేకొద్దీ శీతకాలపు వెలుతురు తగ్గుతుంది కనుక ఆ ప్రయాణానికి హద్దు ఉంది. మన తీరం సంగతి వేరు. కృష్ణా, గోదావరి నదులు వరదల కాలంలో మంచినీటిని, ఒండ్రును సముద్రంలోకి తెస్తాయి. హంసలదీవి దగ్గర కృష్ణ తెచ్చి కలిపే అటువంటి బురద నీటిలో వెలుతురు లోపలికి దిగదు, పగడపు పిల్ల అంటుకోవడానికి గట్టి రాయి దొరకదు, పైగా బంగాళాఖాతం చల్లని సముద్రమేమీ కాదు. మన దేశపు దిబ్బలు ముఖ్యంగా మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్, కచ్ సింధుశాఖలలో ఉన్నాయి. ఆ ప్రాంతాలలో నీటి వేడిని ఉపగ్రహాల సాయంతో గమనిస్తూ బ్లీచింగ్ హెచ్చరికలు జారీచేసే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాదులోనే ఉంది. నీకు ఈ విషయం మీద ఆసక్తి ఉంటే ఆ హెచ్చరికలను ఏప్రిల్, మే నెలలలో గమనిస్తూ ఉండు.