అక్కతో ఓ మాట: చర్చ్ స్ట్రీట్ సాయంత్రాలు

ప్రశ్న: అక్కా, మాది తెనాలి. బెంగళూరు కుందలహళ్లిలో పీజీలో ఉంటూ ఏడాదిగా ఉద్యోగం చేస్తున్నాను, వయసు 23. ఈ శనివారం మా టీమ్ అంతా చర్చ్ స్ట్రీట్‌లో పబ్‌కి వెళ్దామంటున్నారు. నేనెప్పుడూ మందు ముట్టలేదు, ముట్టాలనీ లేదు. రానంటే ఏమనుకుంటారో, వెళ్తే అక్కడ ఏం చేయాలో, అమ్మకి తెలిస్తే ఏమవుతుందో, ఒకటే టెన్షన్.

జవాబు: వెళ్లమ్మా, తప్పకుండా వెళ్లు. కాకపోతే అందరికంటే ఓ గంట ముందు వెళ్లు. మీ దగ్గర మెట్రో ఎక్కితే మారే పని లేకుండా ఎంజీ రోడ్డులో దిగుతావు, అక్కణ్ణుంచి చర్చ్ స్ట్రీట్‌కి నడకే. అటు బ్రిగేడ్ రోడ్డు, ఇటు సెయింట్ మార్క్స్ రోడ్డు, మధ్యలో ముప్పావు కిలోమీటరు వీధి. 2018లో రాళ్లు పరిచి, నడిచేవాళ్లకి చోటు పెంచి బాగు చేశారు. చీకటి పడే వేళకి ఒక కుర్రాడు గిటార్ పట్టుకుని పాడుతుంటాడు, ఇంకొకరు మెట్ల మీద కూర్చుని బొమ్మలేస్తుంటారు, బ్లాసమ్, బుక్‌వర్మ్ షాపుల్లో పాత పుస్తకాల దొంతర్ల మధ్య జనం పక్కకి ఒదిగి దారి ఇచ్చుకుంటుంటారు. ఇరవై రెండేళ్ల కిందట కడప నుంచి వచ్చినప్పుడు ఈ ఊళ్లో నాకంటూ ఓ చోటుందని మొదట అనిపించింది ఆ వీధిలోనే, అందుకే ముందు నువ్వు ఒక్కదానివే నడిచి చూడమంటున్నాను.

పబ్బులన్నీ ఒకలా ఉండవు. చెవులు చిల్లులు పడేలా డీజే మోగేవి, తలుపు దగ్గర బౌన్సర్లు నిలబడేవి కొన్ని. అవి నాకు నచ్చవు, పక్కనున్నవాళ్ల మాటే వినపడనప్పుడు స్నేహితులతో వెళ్లి ఏం లాభం? రెస్ట్ హౌస్ రోడ్డులో పెకోస్ అలా కాదు, 1989 నుంచీ ఉంది. ఇరుకు మెట్లు, ఎదురుగా ఎవరైనా దిగుతుంటే ఒకరు ఆగాల్సిందే. గోడల నిండా పాటగాళ్లు జిమీ హెండ్రిక్స్, బాబ్ మార్లే బొమ్మలు, చెక్క బల్లలు, మగ్గుల్లో బీరు, పాత రాక్ పాటలు. పక్క బల్ల వాళ్లెవరో తెలియకపోయినా పాట దగ్గర మాట కలుస్తుంది. సెయింట్ మార్క్స్ రోడ్డులో కోషీస్ ఉంది చూడు, 1940లో బేకరీగా మొదలైంది. అక్కడ ఒక బల్ల మీద బీరు, పక్క బల్ల మీద కాఫీ, ఎవరూ ఎవరినీ అదోలా చూడరు. మీ వాళ్లకి చోటు ఎంచే పని నీకు అప్పజెబితే అక్కడికే తీసుకెళ్లు.

ఇక అసలు సంగతి. ఇష్టపడి తాగేవాళ్లని నేనేమీ అనను, నేనూ అప్పుడప్పుడు ఒక గ్లాసు బీరు తాగుతాను. కానీ మన పిల్లలు చాలామంది తాగేది ఇష్టంతో కాదు, మొహమాటంతో. పెళ్లిలో "ఇంకో లడ్డూ" అంటే కాదనలేని మొహమాటమే ఇక్కడ గ్లాసు దాకా వస్తుంది. కూర్చోగానే, వాళ్లు అడగకముందే, "నాకు ఫ్రెష్ లైమ్ సోడా" అని నువ్వే వెయిటర్‌కి చెప్పెయ్. చేతిలో గ్లాసుంటే సగం మంది అడగరు. ఎందుకు తాగవని అడిగితే "నాకొద్దు" చాలు, కారణం చెప్పావంటే దాని మీద వాదన మొదలవుతుంది. లాంగ్ ఐలాండ్ ఐస్డ్ టీ అని మెనూలో ఉంటుంది, టీ కదా అని తెప్పించుకునేవు, అందులో టీ చుక్క కూడా ఉండదు. వోడ్కా, జిన్, రమ్, టెకీలా, ఇంకో లిక్కర్ కలిపి చేస్తారు. నీ గ్లాసు వదిలి వాష్‌రూమ్‌కి వెళ్తే వచ్చాక కొత్తది తెప్పించుకో.

ఇంటికెలా చేరాలో బయల్దేరే ముందే అనుకో. పది లోపు లేస్తే మెట్రో ఉంటుంది, పీజీ గేటూ తెరిచే ఉంటుంది. "నేను డ్రాప్ చేస్తా" అన్నవాళ్లు తాగి ఉంటే మాత్రం ఎంత దగ్గరివాళ్లయినా ఆ బండి ఎక్కకు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. పోలీసుల సంగతి అటుంచు, నువ్వు క్షేమంగా ఇల్లు చేరాలి. అమ్మకి శుక్రవారమే నువ్వే ఫోన్ చేసి చెప్పు, "మా వాళ్లతో బయటికెళ్తున్నా, నేను తాగను, చేరగానే ఫోన్ చేస్తా" అని. కాసేపు కోప్పడుతుంది. ఇంకెవరి నోటి నుంచో వింటే ఇంకా బాధపడుతుంది కదా.

ప్రశ్న: మేడమ్, ఒక పబ్‌లో బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేశారు. తీసేయమంటే రూల్ అన్నారు. నిజమేనా?

జవాబు: కాదు బాబూ. సర్వీస్ ఛార్జ్ బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మర్యాదగా అడుగు, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్. టిప్ సంగతి వేరు. రాత్రి ఒంటిగంట దాకా నిలబడి వడ్డించిన మనిషికి నీకు తోచినంత చేతికే ఇవ్వు.

ప్రశ్న: అమ్మా, మాది అనంతపురం. రిటైరయ్యాక ఇందిరానగర్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాం. వెనక వీధిలో మేడ మీద బార్ పెట్టారు, అర్ధరాత్రి దాకా నిద్ర లేదు. వయసు పిల్లల సరదా అని ఊరుకోవాలా?

జవాబు: ఊరుకోవద్దు అన్నయ్యగారూ. ఆ వీధుల్లో నా స్నేహితురాలు ఉండేది, శనివారం రాత్రి వాళ్ల వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి, అంత దడ. ఈ ఊరి రాత్రులంటే నాకెంత ఇష్టమో పైన రాశాను, అయినా మీ నిద్ర, వదినగారి నిద్ర కంటే ఎవరి పాటా ఎక్కువ కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. బార్ ఒంటిగంట దాకా తెరిచి ఉండొచ్చు, పాట మాత్రం గోడలు దాటి బయటికి రాకూడదు. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్సే. మోగుతున్నప్పుడే 112కి ఫోన్ చేయండి, తేదీ, టైము ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి, కిటికీ దగ్గర నుంచి ఫోన్‌లో రికార్డ్ చేయండి. మీ ఒక్కరి పేరు మీదే కాకుండా వీధిలో నలుగురి సంతకాలతో పోలీస్ స్టేషన్‌లో, కాలుష్య నియంత్రణ మండలిలో ఫిర్యాదు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేసిన కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి.